నదికి భాగము

నీరు వ్యర్థమైనచో "సముద్రము పాలైనది" అని మనము వాపోవుదుము. నది సముద్రమును చేరుట నిజముగా వ్యర్థమేనా? ఈ ప్రశ్న దూరదేశమున ఒక నది విషయమై పరీక్షకు వచ్చినది.

కొలరాడో నది అమెరికాలోని రాకీ పర్వతములందు పుట్టి మెక్సికోలో సముద్రమున కలియవలసినది. 1944 నాటి సంధి ననుసరించి అమెరికా మెక్సికోకు ఏటా సుమారు 65 టి.ఎం.సి.ల నీటిని ఇయ్యవలెను. పొలములకు, నగరములకు భాగము లేర్పడినవి. నదికి మాత్రము భాగము లేదు. నదీముఖమందలి అడవులు, పక్షులు క్షీణించి ఇసుక మిగిలినది.

2012లో ఉభయ దేశములు నదికొరకే కొంత నీరు విడుచుటకు సమ్మతించినవి. 2014 మార్చి 23న మొరెలోస్ ఆనకట్ట తలుపులు తెరచిరి. ఎనిమిది వారములలో సుమారు నాలుగున్నర టి.ఎం.సి.లు పారినవి. అధికభాగము ఇసుకలో ఇంకినను, మే నెలలో నది సముద్రపు పోటును తాకినది. 2017 ఒడంబడికలో 2026 వరకు సుమారు 9 టి.ఎం.సి.లను రెండు ప్రభుత్వములు, స్వచ్ఛంద సంస్థలు సమభాగములుగా సమకూర్చ నిశ్చయించినవి.

"రైతు నీటికి అలమటించుచుండగా ఇసుకకు నీరు పోయుట ధర్మమా?" అని ఆక్షేపింపవచ్చును. రైతు బాధ సత్యము. కాని గృహస్థుడు వైశ్వదేవమున భూతబలి యుంచిన పిమ్మటనే భుజించును. తిని మిగిలినది పెట్టుట బలి కాదు. ముందుగా తీసి యుంచుటయే బలి. రైతు తన భాగమును అడుగగలడు, పక్షి అడుగజాలదు.

సర్వభూతాంతర్యామి శ్రీమన్నారాయణుడు ఆ మూగప్రాణులయందును వసించుచున్నాడు. పంపకమువేళ అడుగలేని వానిని మరువకుండుటయు భగవత్కైంకర్యమే.