బొమ్మకి మొహమాటం ఉంటుందా?

మొహమాటం అనే మాటని మనం ఎప్పుడూ కాస్త నిష్ఠూరంగానే వాడతాం. మొహమాటపడి చిట్టీలో చేరాననీ, మొహమాటానికి అప్పిచ్చి ఇప్పుడు అడగలేకపోతున్నాననీ వాపోతాం. దానిమీద ఒక సామెత కూడా ఉంది గానీ, ఇక్కడ రాయడానికి నాకు మొహమాటం. అయినా నిదానంగా ఆలోచిస్తే, లోకంలో జరిగే మంచిలో సగంపాలు దాని పుణ్యమేననిపిస్తుంది. సాయం అడుగుతూ ఉత్తరం వస్తే మడిచి సొరుగులో పెట్టేస్తాం. ఫోను వస్తే "ఆయన ఊళ్లో లేరండీ" అనేస్తాం. అదే మనిషి ఎండలో నడిచి వచ్చి, చంకలో పిల్లతో గడపలో నిలబడితే లేదనడానికి నోరు రాదు. మొహమాటంలో మొహం ఊరికే లేదు. ఎదుటి మొహమే మనచేత పని చేయిస్తుంది.

మరి ఆ మొహం మనిషితో రాకుండా, టీవీ తెరమీద బొమ్మగా వస్తే? మొహమాటం కూడా దాని వెంట వస్తుందా? నవ్వులాటకి అడగడం లేదు. ఇవాళ మన ప్రభుత్వాలూ, కోర్టులూ, జైళ్లూ ఎన్నో వ్యవహారాలు అలాగే నడుపుతున్నాయి.

బొమ్మ కనిపించే ఫోనుని అమెరికాలో 1964లోనే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టారు. జనం వింతగా చూశారు తప్ప ఇంటికి తెచ్చుకోలేదు. ఇంట్లో ఉండే అవతారంలో ఎవరికి కనబడాలని ఉంటుంది లెండి! మన తెలుగునాట ఈ వీడియో కాన్ఫరెన్సు మాట ఊరూరా వినబడింది 1990ల చివర్లో. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు హైదరాబాదు సచివాలయంలో కూర్చుని, జిల్లాల కలెక్టర్లతో తెరమీద సమావేశాలు జరిపేవారు. అంతకుముందు నల్లగొండ కలెక్టరైనా, మహబూబ్‌నగర్ కలెక్టరైనా ముఖ్యమంత్రి మీటింగుకి సుమారు 100 కిలోమీటర్లు వెళ్లాలి. పోనూ రానూ రోజంతా గడిచిపోయేది. ఇప్పుడు గది దాటి పక్క హాల్లోకి వెళితే చాలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మిగిలిన పూట జనానికి దక్కితే అంతకంటే ఏం కావాలి?

ఆ హాలు సిద్ధం చేసే ఉద్యోగంలో ఉన్న మా దూరపు చుట్టాలమ్మాయి ఒకతె నాకు దాని మర్మాలన్నీ చెప్పింది. ఇంట్లో పెళ్లిచూపులకి చేసే హడావిడికేం తీసిపోదట. కిటికీ వెలుతురు వెనకనుంచి పడితే మొహాలు నల్లగా కనబడతాయని ముందు పరదాలు వేస్తారు. మైకు ఫ్యాను చప్పుడు పట్టేస్తుందని ఫ్యాను ఆపుతారు. పాలమూరు ఎండాకాలంలో ఫ్యాను లేకుండా ఎలా కూర్చుంటారో ఆ దేవుడికే తెలియాలి. అవతలివాళ్ల గొంతు మన స్పీకర్లోంచి వచ్చి, మన మైకులో దూరి, తిరిగి వాళ్లకే వినిపిస్తుంది. ఆ ప్రతిధ్వనిని అణచడానికి వేరే ఏర్పాటుంటుంది. బల్లలన్నీ గుర్రపు నాడాలాగా వేసి, ఆఫీసర్లని కెమెరా చూపు ఆనేంత వరకే కూర్చోబెడతారు. వెనక వరసలో కూర్చున్న ఆఖరి గుమాస్తా హాల్లో ఉన్నట్టే గానీ తెరమీద లేనట్టే.

ఆ అమ్మాయి చెప్పినవాటిలో రెండు సంగతులు నన్ను వదల్లేదు.

ఒకటి, ఈ యంత్రాల్లో చాలావాటికి ఎవరి గొంతు వినబడితే వాళ్ల బొమ్మని పెద్దది చేయడం అలవాటు. మాట్లాడే జిల్లా తెరంతా నిండుతుంది, ఊరుకున్న జిల్లా మాయమవుతుంది. ఒకాయన గట్టిగా దగ్గితే కూడా అంత పెద్దతెర మీదా ఆయనే ప్రత్యక్షమట! ఎదురుగా కూర్చున్న మనుషుల్లో మనం ఎక్కువగా గమనించేది మాట్లాడేవాళ్లని కాదు గదా. భోజనాల దగ్గర ఏమీ మాట్లాడకుండా అన్నం కెలుకుతున్న కూతుర్ని తల్లి పట్టుకుంటుంది. ఈ తెర పట్టుకోదు.

రెండోది ఇంకా విచిత్రం. కెమెరా టీవీకి పైన ఉంటుంది. తెరమీది మనిషి కళ్లలోకి మనం చూస్తే, అవతలివాళ్లకి మనం తలొంచుకున్నట్టు కనబడతాం. వాళ్ల కళ్లలోకి చూస్తున్నట్టు కనిపించాలంటే కెమెరాని చూడాలి. అప్పుడు వాళ్లు మనకి కనబడరు. ఒకరినొకరు చూసుకుంటున్నారని నమ్మించాలంటే ఒకరినొకరు చూసుకోకూడదన్నమాట. మొహమాటం పుట్టేది చూపులు కలిసిన చోటే అయితే, ఇక్కడ దానికి చోటెక్కడ?

ఈ సంగతి మా నల్లగొండ జనానికి ఏ యంత్రమూ రాకముందే తెలుసు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోతున్నాయని ఏళ్ల తరబడి కాగితాలు పంపితే, కాగితానికి మొహం లేదు గనక ఎవరూ చలించలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్టు కాగితం పుస్తకమై కూర్చుంది. పోలింగే వాయిదా పడింది. ఆ ఏడాదే 500 రూపాయల డిపాజిట్టు పదివేలైంది. నీళ్లకంటే ముందు అది పెరిగింది చూశారా! తర్వాత 2003లో జలసాధన సమితి దుశ్చర్ల సత్యనారాయణ, మర్రిగూడ మండలం శివన్నగూడెం నుంచి అంశాల స్వామిని ఢిల్లీ తీసుకువెళ్లి, నాటి ప్రధాని వాజపేయి ముందు బల్లమీద ఉంచారు. ఎదగని ఒళ్లు, మెలితిరిగిన కాళ్లూ చేతులూ. ఫోటోలు అప్పటికే ఎన్నో అచ్చయ్యాయి. అయినా ఆ మనిషినే తీసుకువెళ్లి చూపించాల్సి వచ్చింది. స్వామి 2023లో పోయాడు.

సోమవారం ప్రజావాణికి వెళ్లే ముసలమ్మ ఒకామె దేవరకొండ బస్సులో నా పక్కన కూర్చుంది. చేతిలో నాలుగు మడతల దరఖాస్తు. ఈ ఎండలో నువ్వెందుకమ్మా, ఎవరిచేతనైనా పంపరాదా అన్నాను. "ఫోన్ల పంపిస్త అంటడు మా మనుమడు. ఫోన్ల పంపితే సారు నన్ను జూస్తడా బిడ్డా? నేను బోయి ముంగట నిలబడితె, పని జేసినా జెయ్యకున్నా, కలం బట్టి ఏదో ఒకటి రాస్తడు" అంది. మొహమాటం మీద ఇంతకంటే పెద్ద గ్రంథం నేను చదవలేదు.

అయితే మనిషి వెళ్లి నిలబడాల్సిందేనని పట్టుబట్టడానికీ నాకు ధైర్యం చాలదు. నిలబడలేని వాళ్ల మాటేమిటి? గద్వాల అవతలి ఊరినుంచి మహబూబ్‌నగర్ రావాలంటే ఒకప్పుడు కూలీకి ఒక రోజు కూలి పోయేది. 2016లో జిల్లాలు చిన్నవయ్యాక ఆ దూరం కొంత తగ్గింది గానీ, కోర్టుల దూరాలు, వలసపోయిన చోట్ల దూరాలు అలాగే ఉన్నాయి. తెర వాళ్లకి వరమే.

జైళ్ల సంగతి చూడండి. రిమాండు ఖైదీని ప్రతిసారీ కోర్టుకి తిప్పకుండా తెరమీద చూపించడానికి ఆంధ్రప్రదేశ్ 2001లోనే చట్టం సవరించుకుంది. ఖర్చు కలిసొచ్చింది, తప్పించుకుపోతారన్న భయం తగ్గింది. కానీ మేజిస్ట్రేటు "నిన్నెవరైనా కొట్టారా?" అని అడిగినప్పుడు, ఆ ఖైదీ పక్కన కెమెరాకి అందకుండా నిలబడింది ఎవరు? చొక్కా కింద వీపు తెరకి కనబడుతుందా? తర్వాత దేశమంతటికీ వచ్చిన చట్టం ఇందులో కొంత తెలివి చూపింది. మొదటిసారీ, ఆ తర్వాత పోలీసుల కస్టడీలో ఉన్నన్నాళ్లూ, మనిషినే మేజిస్ట్రేటు ముందుకి తేవాలంది. జైలుకి వెళ్లాక పొడిగింపులకి తెర చాలునంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అదే పద్ధతి. ఎక్కడ దెబ్బ తగలొచ్చో అక్కడ మనిషి కావాలి.

ఇక మన ఆడవాళ్ల వ్యవహారం. భర్త జబల్‌పూర్‌లో విడాకుల కేసు వేశాడు. భార్య దాన్ని హైదరాబాదు మార్చమని సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2017 మార్చిలో ఇద్దరు న్యాయమూర్తులు, ఇలాంటివాటిలో కేసు మార్చే బదులు వీడియో కాన్ఫరెన్సు వాడుకోవచ్చు గదా అన్నారు. వినడానికి ఎంత బాగుంది! ఆ అక్టోబరులోనే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, వేరే జంట కేసులో, ఇద్దరికొకరుగా దాన్ని కాదంది. సంసారం చక్కబడుతుందేమో చూడాల్సిన చోట తెర పనికిరాదనీ, కేసు మార్చమని అడిగిన దశలో తెర చూపించి సరిపెట్టకూడదనీ, రాజీ కుదరనప్పుడు ఇద్దరూ ఒప్పుకుంటేనో, న్యాయం కోసం అవసరమని కుటుంబ కోర్టుకి తోస్తేనో వాడుకోవచ్చనీ అంది. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం ఏకీభవించలేదు. ఉద్యోగమూ, పిల్లలూ ఉన్న ఆడదానికి తెర సదుపాయమే గదా అన్న వైపు ఆయనది.

నేనెటువైపని అడుగుతారా? ఇద్దరివైపూ కొంచెం కొంచెం. ఆ గదిలో భర్త మొహం చూడక్కర్లేకుండా మాట్లాడగలిగితే ఊపిరి పీల్చుకునే ఆడవాళ్లున్నారు. ఒక్కసారి జడ్జిగారి ఎదుట నిలబడితే తప్ప తమ మాట ఎవరూ నమ్మరనుకునే వాళ్లూ ఉన్నారు. మొదటావిడని బలవంతాన ఊరు తిప్పడం ఎంత అన్యాయమో, రెండో ఆవిడని బలవంతాన తెరకి అతికించడమూ అంతే. 2020 ఏప్రిల్ 6న, కరోనాకి దేశమంతా తలుపులు మూసుకున్న రోజుల్లో సైతం, ఇరుపక్షాలూ ఒప్పుకోకుండా సాక్ష్యాన్ని తెరమీద నమోదు చేయొద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోలు మంచిదే. అయితే బలమున్న వాడి ఒప్పుకోలూ, బలంలేని దాని ఒప్పుకోలూ ఒకే తక్కెడలో తూగుతాయా? రావాలా, తెరమీద కనబడాలా అని ముందు అడగాల్సింది ఆవిడని. చంటిపిల్లని ఎత్తుకుని జబల్‌పూర్ రైలెక్కాల్సింది ఆవిడ గనక.