వినుటయు వైద్యమేనా?

బిడ్డ పుట్టిన యింట తల్లి కంటతడి పెట్టుట ఏ తరమునకును క్రొత్త కాదు. ప్రసవమైన మూడవ నాలుగవ దినమున కారణము తోచకయే దుఃఖము పొంగివచ్చును. సాధారణముగా రెండు వారములలో తనంత తానే తగ్గిపోవును. తగ్గనిది వేరొకటి. నిద్ర పట్టదు, అన్నము సయించదు, ఒడిలోని బిడ్డపై మమకారము కలుగుట లేదను భయము లోలోన దహించును. ఇది ప్రసవానంతరము వచ్చు కుంగుబాటు వ్యాధి. దీనిని గాలి సోకుటగానో, అత్తవారిపై అలుకగానో ఎంచిన యిండ్లు తక్కువ కావు.

ఇట్టి తల్లి ఎవరితో చెప్పుకొనవలెను? కన్నతల్లితో చెప్పినచో "పండంటి బిడ్డను ఒళ్లో పెట్టుకొని ఏడుపేమిటే?" అని మందలించును. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. ఆ ప్రేమయే యిచట అడ్డు. తనవారందరు తన సంతోషమునే కోరుచుండగా వారి యెదుట దుఃఖించుట అపరాధమువలె తోచును.

స్కాట్లండులోని ఎడింబరోలో ఈ విషయమై జరిగిన కృషి గమనింపదగినది. 1987లో జాన్ కాక్స్, జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీలు పది ప్రశ్నల పట్టిక నొకదానిని ప్రకటించిరి. గడచిన ఏడు దినములలో తన మనస్సు ఎట్లున్నదో తల్లియే అందు గుర్తించును. 1989లో వీరే మరియొక పరీక్షా ఫలితమును వెల్లడించిరి. పసిబిడ్డలను చూచుటకు అచట ఇంటింటికి వచ్చు నర్సులు కలరు. వారికి కొద్దిపాటి శిక్షణ నిచ్చి, కుంగిన తల్లుల యొద్దకు వారమున కొకమారు చొప్పున ఎనిమిది మారులు పంపిరి. హితబోధకు కాదు, వినుటకు. అట్టి 26 మందిలో 18 మంది కోలుకొనిరి; మామూలు సేవయే పొందిన 24 మందిలో కోలుకొన్నవారు 9 మంది. చిన్న పరీక్షయే, అయినను ఆలోచింపజేయును.

పరాయి స్త్రీ చేయగలిగినది సొంతవారు ఏల చేయలేకపోయిరి? సొంతవారు వినకమునుపే తీర్పు చెప్పుదురు గనుక. నర్సుకు ఆ యింటి పరువుతో పని లేదు. విన్నదానిని వీధిలో వేయదు.

వినుట అన్నిటికిని చాలదు. ప్రాణము తీసికొనవలెనను తలంపు వచ్చినను, మతి చలించి లేనివి కనబడుచున్నవన్నను ఆ దినమే వైద్యుని యొద్దకు చేర్చవలెను. ఎనిమిది మారులు విన్నను కోలుకొననివారు ఆ 26 మందిలోనే ఎనమండుగురు.

మన పల్లెలలో ఆశా కార్యకర్త యున్నది. 2011 నాటి జాతీయ మార్గదర్శకముల ప్రకారము, ఆసుపత్రిలో ప్రసవమైనచో 42 దినములలో ఆరుమారులు ఆమె ఇంటికి రావలెను. బిడ్డ బరువు చూచును, పాలు త్రాగుచున్నదా యని అడుగును. "నీకెట్లున్నదమ్మా?" అని ఆమె అడిగినను, అత్తయు ఆడపడుచును చుట్టు కూర్చుండియుండగా బాలింత "బాగానే ఉన్నాను" అనక మరేమి చెప్పగలదు? ఆ సమయమున బిడ్డ నెత్తుకొని కొంతసేపు వసారాలోనికి పోవుట అత్తగారికి కష్టమైన పని కాదు.