రెండో చెంచా

మన పుస్తెల తాడులో నల్లపూసల పక్కన ఎర్రగా మెరుస్తుందే పగడం, అది రాయి కాదు. సముద్రంలో చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న గూడు. ఏళ్ల తరబడి మెడలో వేసుకు తిరుగుతాం గాని, ఆ ప్రాణికీ నోరుంటుందనీ, ఆకలి వేస్తుందనీ మనకెప్పుడైనా తోచిందా? నాకైతే డల్లాస్‌లో మా చెల్లెలింట్లో పగడాల తొట్టె చూసేదాకా తోచలేదు.

మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని సముద్రంలోంచి తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. అమెరికాలో, తొట్లలోనే పెంచిన పగడాల నుంచి తుంచిన ముక్కల్ని మొక్కల అంట్లు అమ్మినట్టు అమ్ముతారు. మా చెల్లెలి దగ్గరున్నవి కొత్తవాళ్లు పెంచగలిగే రకాలు: చొక్కా బొత్తాల్లా గుంపుగా ఉండే జోవాంథిడ్లు, పుట్టగొడుగు పగడాలు. నీళ్లు 25 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి, ఉప్పు పాళ్లు తప్పకూడదు. తిండి మాత్రం వారానికి ఒకటి రెండుసార్లే. గడ్డకట్టిన సన్న రొయ్యలు కరిగించి, నీళ్లు తిప్పే పంపు కాసేపు ఆపి, చెంచాడు అందిస్తుంది.

"ఇంతేనా? పాపం, ఇంకో చెంచా వెయ్యవే!" అన్నాను.

"ఆ రెండో చెంచా నీ తృప్తికక్కా, దాని ఆకలికి కాదు" అంది.

సంగతేమిటంటే, ఈ పగడాల ఒంట్లో కంటికి కనబడనంత సన్నటి నాచు కాపురముంటుంది. దీపం వెలుతురులో అది వండిపెట్టేదే వీటికి అసలు భోజనం. మనం వేసేది నంజుకోడానికే. మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది, క్రమంగా నైట్రేటుగా మారుతుంది. దాంతో పిచ్చినాచు పెరిగి పగడాన్నే కప్పేస్తుంది. ప్రేమతో పెట్టిందే ప్రాణం మీదికి తెస్తుందన్నమాట.

అలాగని పెట్టకపోవడమే ధర్మమా? అదీ కాదు. సన్ కోరల్ అని నారింజరంగు పగడం ఒకటుంది. దాని ఒంట్లో ఆ నాచు లేదు. ఎంత దీపం వెలిగించినా కడుపు నిండదు. ఒక్కొక్క నోటికీ విడివిడిగా తినిపించాలి, లేకపోతే శుష్కించిపోతుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దనేది అందుకే.

మనం ఆడవాళ్లం, ప్రేమను వడ్డించి చూపించడం నేర్చుకున్నవాళ్లం. విస్తరికి చెయ్యి అడ్డుపెట్టినా వినం. పెట్టే చేతికి మంచి పేరు, ఆగే చేతికి నింద! మా వీధిలో ఒక కోడలు, చక్కెర జబ్బున్న మామగారికి డాక్టరు చెప్పినంతే పెడుతుంది. "ముసలాయన్ని మాడుస్తోందమ్మా" అంటారు చుట్టాలు. చాటుగా లడ్డూ తినిపించిన ఆడపడుచుకేమో "నాన్నంటే ఎంత ప్రేమో!" అని పేరు. ఆ రాత్రి నాలుగుసార్లు లేచి ఆయన్ని చెయ్యి పట్టి నడిపించింది మాత్రం కోడలే.

ఎదుటి ప్రాణి దేనితో బతుకుతోందో తెలుసుకోవడమే ప్రేమలో మొదటి పని అని నాకనిపిస్తుంది. తెలిశాక ఒకచోట ఒక్కొక్క నోటికీ ఓపిగ్గా అందించాలి, ఇంకోచోట చెయ్యి ఆపాలి. ఆపడమే కష్టం. పెట్టింది నలుగురికీ కనిపిస్తుంది, ఆగింది ఎవరి కంటా పడదు.

ఈసారి చుట్టాలింటికి వెళ్లినప్పుడు, విస్తట్లో వడ్డన కొలిచే ముందు ఆ ఇంటి కోడల్ని ఒక్కమాట అడగండి: "రాత్రి నీకు నిద్రపట్టిందా, అమ్మా?"