అడగలేదని చెప్పకపోతే?



ఇక్కడ ఒంటారియోకు వచ్చాక మనలో చాలామంది మొదట కొన్నది పాత సెడానే. నా 2009 మోడల్ బండిని పోయిన చలికాలం అమ్మకానికి పెట్టాను. బాగా వేడెక్కాక రెండో గేరు నుండి మూడో గేరుకు మారేటప్పుడు అది జారేది. ఇంజిన్ రొద పెరిగేది గానీ బండి వేగం అందుకునేది కాదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే, ఎర్రగా ఉండాల్సిన ట్రాన్స్‌మిషన్ ఆయిల్ గోధుమరంగుకు తిరిగి మాడు వాసన కొడుతోంది.

తప్పు నాదే. ఇంజిన్ ఆయిల్ క్రమంగా మార్పించాను, దీన్ని మాత్రం ఏళ్ల తరబడి వాయిదా వేశాను. ఆటోమేటిక్ బండిలో ఆ ఆయిల్ రాపిడిని తగ్గించడమే కాదు, దాని ఒత్తిడితోనే గేర్లు పడతాయి. లోపలి వేడిని మోసుకుపోయేదీ అదే. మంచులో ఇరుక్కున్న ప్రతిసారీ డ్రైవ్‌కూ రివర్స్‌కూ మార్చి మార్చి ఊపి, ఆ వేడిని ఇంకా పెంచాను.

బండి చూడడానికి కొత్తగా వచ్చిన మన తెలుగు విద్యార్థి ఒకడు వచ్చాడు.

"అంకుల్, యాక్సిడెంట్ ఏమైనా అయిందా?"

"లేదు బాబూ."

అది నిజమే. గేర్ల సంగతి అతను అడగలేదు. ఐదు నిమిషాలు నడిపి చూస్తే అది బయటపడనూ లేదు.

చట్టం ప్రకారం అమ్మేవారు యూజ్డ్ వెహికల్ ఇన్ఫర్మేషన్ ప్యాకేజీ ఇవ్వాలి. అందులో పాత యజమానులు, బండి మీది అప్పుల వివరాలు ఉంటాయి. గేర్‌బాక్సు స్థితి ఉండదు. సేఫ్టీ సర్టిఫికెట్ కూడా వారంటీ కాదు. అంటే కాగితాల్లో నేను నిర్దోషినే.

కానీ నేను చెప్పిన ప్రతి మాటా నిజమైనా, అతను నమ్మింది అబద్ధం. కొనేవాడే చూసుకోవాలి అంటారు. ఇద్దరికీ సమానంగా తెలిసిన చోట అది న్యాయమే. ఇతనికి ఏమి అడగాలో కూడా తెలియదు. పైగా మనవాడినని నన్ను నమ్మాడు. గుడ్డివాని దారిలో అడ్డు పెట్టవద్దన్న లేవీయకాండము 19:14 గుర్తొచ్చింది.

ఉన్నది చెప్పాను. అతను కొనలేదు. తర్వాత ట్రాన్స్‌మిషన్ రిపేరు అవసరమని ప్రకటనలోనే రాసి, బాగా తక్కువకు అమ్మాను. నష్టం వచ్చిన మాట నిజమే. అయితే ఆ నష్టం నా నిర్లక్ష్యానిది. దాని బిల్లును ఒక విద్యార్థి చేతిలో పెట్టబోయాను.

ప్రియులారా, అడిగినదానికి జవాబు చెప్పడంతోనే మన సత్యం సరిపోతుందా? ప్రభువు మనకు అడగని సత్యాన్ని కూడా చెప్పే ధైర్యం దయచేయును గాక. ఆమేన్.