ఆలస్యము - ధర్మము

కాటన్ దొర అయిదేండ్లలో గోదావరికి ఆనకట్ట కట్టెను గదా, ఇన్ని యంత్రములుండియు మనకు ఇరువదేండ్లకైనను ఒక కట్ట ముగియదేమి యని పలువు రడుగుచున్నారు. ధవళేశ్వరపు పని 1847లో మొదలై 1852లో ముగిసిన మాట నిజము. పోలవరము తలంపు 1941లోనే పుట్టినది. 2025లో సయితము ప్రధానమైన కట్టకు పునాది పనియే జరుగుచుండెను. దీనికంతకును చట్టములే కారణమనియు, అందరి సమ్మతికై వేచియున్నచో దేశమున ఏ గొప్ప పనియు సాగదనియు కొందరు తీర్మానించుచున్నారు. ఈ తీర్మానము న్యాయమగునా యని విచారింతము.

మొదట, ఈ పోలికయే సరికాదు. ధవళేశ్వరమున వేసినది ఎత్తు తక్కువ రాతికట్ట. అది నీటిని కొంత లేపి కాలువలకు మరల్చెడిది. పోలవరముది పెద్ద జలాశయము. దానికై లక్షకు మించిన కుటుంబములు ఇల్లువాకిళ్లు విడువవలసియున్నవి. వారిలో కోయలు, కొండరెడ్లు పెక్కుమంది. వారి దేవతలును, మందుమూలికలును, పూర్వుల సమాధులును ఆ యడవులలోనే యున్నవి. 1894 నాటి భూసేకరణ చట్టము భూమికి వెల గట్టుటతో తృప్తిపడెను. 2013 నాటి చట్టము పునరావాసమును గూడ హక్కు చేసినది. ఆ హక్కు చెల్లించుటకు కొన్ని యేండ్లు పట్టినచో, బాకీ తీర్చుటకు పట్టిన కాలముగా దానిని లెక్కింపవలెను. అప్పు ఎగవేసి త్వరగా ఇల్లు కట్టిన వానిని మన మెవ్వరము మెచ్చుకొనము గదా!

ఇక రెండవ విధమైన ఆలస్యము గలదు. గోదావరి గర్భమున ఇసుక మిక్కిలి లోతు. పైన ఎంత కట్ట వేసినను నీరు అడుగునుండి ఊరిపోవును. అందుచే రాతిపొర తగులువరకు కాంక్రీటు గోడ దింపవలెను. దీనినే డయాఫ్రం గోడ యందురు. ఆ గోడ 2018లో ముగిసెను. నదిని ప్రక్కకు మరల్పవలసిన తాత్కాలికపు కట్టలు మాత్రము వరదలకు ముందు పూర్తికాలేదు. విడిచిన సందులలో ఇరుకునబడిన ప్రవాహము ఉరవడి హెచ్చి, ఇసుకను కోసి, గోడను దెబ్బతీసెను. 2025 జనవరిలో క్రొత్త గోడకు పూనుకొనవలసి వచ్చెను. ఈ యేండ్లను మ్రింగినది ఏ కోయరైతు మొరయు గాదు. వరద వచ్చు కాలము మన దేశమున పసిబాలురకును తెలియును. ఆ లోపల ముగియవలసిన పని ముగియలేదు.

నీటికై మబ్బులవంక చూచు మెట్టరైతు గోడు వినరా యని మమ్ము నడుగవచ్చును. వినవలసినదే. ఒక్కొక్క యేడు గడచినకొలది అతని పంటయు, బిడ్డల చదువును వెనుకబడుచున్నవి. అయితే ముంపు గ్రామస్థుని స్థితి యేమి? ఊరు మునుగునని తెలిసినవాడు ఇంటికప్పు బాగుచేసికొనడు. క్రొత్తయిల్లు చేతికి రాక పాతయిల్లు విడువలేడు. 2022 జూలై వరదలో కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతముల పల్లెలు మునిగినప్పుడు ఈ దుఃఖము లోకమునకు తెల్లమైనది. కాబట్టి మెట్టరైతును, గిరిజనుని ఒకరికొకరు శత్రువులని చూపుట అన్యాయము. పని క్రమము తప్పినందున ఇద్దరును ఒక్కతీరుగనే నష్టపడిరి.

గోదావరి నీటితో పండిన అన్నము తినుచున్న మన గృహస్థులకు ఈ విషయమున ఒక విధి గలదు. కట్ట ఎప్పుడు ముగియునని మాత్రమే యడిగి ఊరకుండరాదు. ఈ యేటి పని ఈ యేటి వరదకు ముందు ముగిసినదా? నీరు నిలుపకముందే కదలినవారికి ఇల్లును, భూమియు దక్కినవా? ఈ రెండు ప్రశ్నలను విడువక యడుగు ప్రజలున్నచోట పనియు త్వరపడును, ధర్మమును నిలుచును. ఒక్కదానినే యడుగుచోట రెండును చెడును.