అవసరాల క్రమం, అర్హతల ప్రశ్న: మాస్లో సిద్ధాంతం – రంతిదేవోపాఖ్యానం

‘ముందు కూడు, ఆ తర్వాతే చదువు’ అన్న మాటకు పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె వంటి మెట్టప్రాంతాల్లో బలమెక్కువ. వాన ముఖం చాటేసిన ఏడు కూలికుటుంబం బిడ్డను బడికి పంపడమంటే అంతో ఇంతో రాబడిని వదులుకోవడమే. ఆ మాట అనుభవంలోంచి పుట్టిందే. అయితే దాన్ని ఎవరు, ఎవరిని ఉద్దేశించి అంటున్నారన్నది నైతికప్రశ్న.

అబ్రహాం మాస్లో 1943లో వెలువరించిన ప్రేరణ సిద్ధాంతం శారీరకావసరాలు, భద్రత, ప్రేమ, గౌరవం, ఆత్మవికాసం అనే క్రమాన్ని ప్రతిపాదించింది. పాఠ్యగ్రంథాల్లో కనిపించే పిరమిడ్ చిత్రం ఆయన గీసింది కాదు. కింది మెట్టు పూర్తయితేనే పైమెట్టు అనీ ఆయన అనలేదు. సగటు మనిషికి శారీరకావసరాలు 85 శాతం, భద్రత 70 శాతం, ప్రేమ 50 శాతం, గౌరవం 40 శాతం, ఆత్మవికాసం 10 శాతం తీరి ఉండవచ్చునని ఉదాహరణకు కొన్ని ఊహాంకెలు ఇచ్చాడు. ఆదర్శంకోసం సర్వస్వాన్నీ వదులుకునేవారినీ ప్రస్తావించాడు. అంటే అన్ని అవసరాలూ ఏకకాలంలో, వేర్వేరు పాళ్లలో మనిషిని కదిలిస్తాయి.

భాగవతం నవమస్కంధంలోని రంతిదేవుడు ఈ క్రమానికి గట్టి పరీక్ష. నలభై ఎనిమిది దినాలు అన్నపానాలు లేక గడిపిన అతడు, దొరికిన ఆహారాన్ని అతిథులకు పంచి, మిగిలిన నీటిని నాటి సమాజం వెలివేసిన దప్పిగొన్నవానికి ఇచ్చాడు. దేహం కృశించినా అతని కరుణ కృశించలేదు. కాని ఆ ఆకలిని అతని కుటుంబమూ భరించింది. తన ఆకలిని త్యాగం చేసే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఇతరుల ఆకలిని త్యాగం చేసే హక్కు ఉంటుందా? ఉపాఖ్యానాన్ని కీర్తించేవారు ఈ ప్రశ్నను దాటవేయరాదు. పేదవాని ఓర్పును పొగిడి అన్నం పెట్టకపోవడానికి ఈ కథను సాకు చేసుకోరాదు.

మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ చుట్టుపట్ల పల్లెల్లో ఆ సంస్థ నడిపిన చిన్నబడులు మరో నిచ్చెనను చూపాయి. పాఠాలను చిన్నచిన్న మెట్లుగా అమర్చిన ఆ పద్ధతిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఒకేగదిలో కూర్చుని, ఎవరి వేగంతో వారు సాగుతారు. అక్కడ నిచ్చెన పిల్లలను ఆపడానికి కాదు, ఎక్కించడానికి. పేదరికం తీరేదాకా చదువు ఆగాలన్న షరతు ఆ బడులకు లేదు.

కాబట్టి అవసరాల క్రమాన్ని రెండు విధాలుగా చదవాలి. ఇచ్చేవారి విషయంలో అది కర్తవ్యక్రమం: ఆకలిగొన్నవానికి ఉపదేశంకంటే ముందు అన్నం పెట్టాలి. పుచ్చుకునేవారి విషయంలో అది అర్హతాక్రమం కారాదు: ఆకలితో ఉన్నవానికి గౌరవం, జ్ఞానం ఇంకా అక్కరలేదని తీర్పుచెప్పే అధికారం కడుపునిండినవారికి లేదు. ఆకలిని ముందు తీర్చాలన్నది న్యాయం. అది తీరేదాకా మనిషిని మనిషిగా చూడనక్కరలేదన్నది అన్యాయం.