వానపాము - జీవకారుణ్యము

నెల్లూరు తీరగ్రామములలో పెద్దవానలు ఆశ్వయుజ కార్తికములలో కురియును. నేల నానగనే తులసికోట మొదట వానపాములు పైకి వచ్చును. బాలుడొకదానిని చేతి కెత్తుకొనును. పెద్దలు "ఛీ! పారవేయరా!" అని గద్దింతురు. "తాతయ్యా, దీనికి నొప్పి పుడుతుందా?" అని వాడడుగును.

ఈ ప్రశ్నను గద్దింపుతో త్రోసివేయరాదు. అసహ్యమునే అహింస యని భ్రమించుట గృహములలో సామాన్యము. ముట్టకుండుట వేఱు, కరుణ వేఱు. చేతులు కడుగుకొనినచో శుచి కలుగును. చూడని ప్రాణిపై దయ కలుగుట దుర్లభము.

చూచినచో తెలియున దెంతయో కలదు. వానపామునకు కన్నులు లేవు, చెవులు లేవు. అయినను వెలుగును, నేల అదరుటను గుర్తించును. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విన్ వీనిని ఇంటిలోనే కుండలలో నుంచి పరిశీలించి, 1881లో గ్రంథము ప్రకటించెను. పియానో ప్రక్కన మ్రోగినపుడు కదలని వానపాములు, కుండను పియానోపై నుంచి మీట నొక్కినంతనే బొరియలలోనికి జొచ్చినవట! ఊపిరితిత్తులు లేని యీ ప్రాణి తడిచర్మముతోనే శ్వాసించును. కనుక బాలుడు అరచేయి తడుపుకొనవలెను, ఎండలో నుంచరాదు, ఉప్పు తగులనీయరాదు. గాజుసీసాలో ఇసుకయు నల్లమన్నును పొరలుగా నింపి, తడిపి, ఎండుటాకులు వేసి, నల్లగుడ్డ చుట్టినచో, కొన్ని దినములకు పొరలు కలిసిపోవుట కనబడును. పిమ్మట దానిని తీసిన చోటనే విడువవలెను.

ఇక నొప్పి మాట. గ్రుచ్చినచో అది మెలికలు తిరుగును. ఆ మెలిక వెనుక అనుభవ మెట్టిదో శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయింపలేదు. భగవద్రామానుజుల సిద్ధాంతములో జీవుని ధర్మభూతజ్ఞానము కర్మవశమున సంకోచించును, వికసించును. క్రిమిదేహమున నది మిక్కిలి సంకుచితమే కాని శూన్యము కాదు. కావున "పుట్టునేమో, మెల్లగా పట్టుకో" యనుటే తాతగారికి తగిన యుత్తరము.

బాలుడు అంతటితో విడువడు. "మరి నాగలికి తెగితే?" అనును. రెండు తుండెములును బ్రతుకునని చెప్పి ఊరడించుట అసత్యము. స్వామికి నివేదించు అన్నమును ఆ నాగలి వలననే వచ్చినది. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అను నైదింటిని గృహస్థుని పంచసూనలని, వధస్థానములని, స్మృతి నిస్సంకోచముగా చెప్పినది. వాని దోషమునకే పంచమహాయజ్ఞములు విధింపబడినవి. భూతయజ్ఞమున నేలపై నుంచెడి అన్నమునకు అర్హులైన వారిలో మనువు క్రిములను గూడ పేర్కొనెను.